ముఖాలు రాలే నగరం

ధవళపురి రాజ్యంలో పిల్లలకు ఆరేడేళ్ళ వయసులో పాలపళ్ళు రాలేవి. పన్నెండేళ్ళు నిండిన మర్నాడు ముఖాలు రాలేవి.

రాలేది వాళ్ళ సొంత ముఖాలు కావు. ఆ నగరంలో నీళ్ళు మోసేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, పసిపిల్లలకు పాలిచ్చేవాళ్ళు కాటుకకొండ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళది నల్లని ఒళ్ళు. పన్నెండేళ్ళలోపు పిల్లలకు వాళ్ళ కళ్ళూ ముక్కూ నోరూ అందరికీ ఉన్నట్టే కనిపించేవి. ఆ తరవాత ఒక పొద్దున లేచి చూస్తే, ముఖం ఉండవలసిన చోట రాయని తాటాకులాగా చదునుగా ఉండేది. ఆ రోజు ఇంట్లో వేడుక చేసేవారు. వీధివాళ్ళకు బెల్లం, అటుకులు పంచేవారు. "మావాడికి మొహాలు రాలాయండీ, పెద్దవాడయ్యాడు" అని తల్లులు చెప్పుకునేవారు.

కొండవాళ్ళను నగరంలో మొహంలేనోళ్ళు అనేవారు. ఎవరు ఎవరో తెలిసేది కాదు కనుక, ఒకడు తప్పు చేస్తే అందినవాణ్ణి కొట్టేవారు. నగరం చుట్టూ ఉన్న కోటకు ఒకటే తలుపు. లోపలికి వచ్చిన మనిషే బయటికి పోతున్నట్టు ద్వారపాలకుడు గుర్తుపట్టాలని రాజాజ్ఞ. ముఖం కనబడని మనిషిని గుర్తుపట్టేదెలా? అందుకని పనికోసం లోపలికి వచ్చిన కొండవాళ్ళు మళ్ళీ బయటికి పోలేదు. లోపలే ముసలివాళ్ళయి లోపలే చనిపోయారు.

రాజుగారి గ్రంథశాలకు తాటాకులు తయారుచేసే పేరయ్యకు మంగాయి అని ఒక కూతురు. ఆకులు ఉడకబెట్టడం, నీడలో ఆరబెట్టడం, కొలిచి కోయడం ఆ పిల్లకు వచ్చు. తండ్రి దగ్గరే అక్షరాలు కూడా నేర్చింది. ఆమె పుట్టిన పూటే తల్లి పోయింది. సుకిరి అనే కొండ మనిషి పాలిచ్చి పెంచింది. మంగాయికి పన్నెండేళ్ళు నిండడానికి ఇంకా పద్దెనిమిది రోజులు ఉంది.

ఆ సాయంత్రం సుకిరి జడ వేస్తుంటే మంగాయి మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది.

"ఏందే ఆ చూపు? నా మొహాన కోతులాడుతున్నయ్యా?"

"గుర్తు పెట్టుకుంటున్నాను సుకిరమ్మా."

సుకిరి చేయి ఆగింది. "గుర్తుండదు తల్లీ. పక్కింటి పిల్లగాడు కూడా ఇట్టనే చూశాడంట, వాణ్ణి పెంచిన మనిషిని. తెల్లారి లేచి, ఏయ్, నీళ్ళు తే అన్నాడు."

మంగాయి తండ్రి దగ్గరికి పోయి, రాలిన ముఖాలు మళ్ళీ రావా అని అడిగింది. పేరయ్య ఆకు కోస్తూ తల ఎత్తలేదు. "మా తాత చిన్నప్పుడు రాలేవి కావట. అడవిలో ఉండే మునికి ఆ సంగతి తెలుసు అనేవాడు. నువ్వు మాత్రం ఆ ఊసు ఎత్తకు. వేడుకకు బెల్లం కూడా చెప్పివచ్చాను."

మర్నాడు తెల్లవారేసరికి మంగాయి కోట దాటింది. ఆమె ముఖం ద్వారపాలకుడు ఎరుగును. మూటలో పేలాలు, ఆకులు కోసే కత్తి, ఒక పాతగుడ్డ ఉన్నాయి.

నాలుగు రోజులు నడిచాక ముని కుటీరం కనిపించింది. ముని వయసు నూట రెండేళ్ళు. గుమ్మంలో కూచుని ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఈ శాపం ఎవరు పెట్టారు స్వామీ?"

"ఎవరూ పెట్టలేదు. శాపమంటే ఎవరో కమండలంలో నీళ్ళు చల్లాలనుకున్నావా? తాటాకు పుస్తకం పాతబడితే ఏం చేస్తారు?"

"కొత్త ఆకుల మీద తిరగరాసి, పాతది నదిలో విడుస్తారు."

"అదీ పద్ధతి. ఎనభై ఏళ్ళ కిందట గ్రంథశాలకు శేషభట్టు అని ఒక పండితుడు అధికారి. కొండవాళ్ళ పుస్తకాలు నలభై రెండు ఉండేవి, వాళ్ళు చెప్పగా రాసినవి. అవి పాతబడ్డాయి. వీటిని తిరగరాయడం ఎందుకు, ఆకు దండగ, విడిచెయ్యండి అన్నాడు. విడిచారు. చదివినవాళ్ళు ఒక్కొక్కరే చచ్చిపోయారు. తరవాత పుట్టినవాళ్ళకు ముఖాలు రాలడం మొదలైంది."

"నదిలో విడిచింది ఎవరు?"

"నేనే. అప్పుడు అక్కడ లేఖకుణ్ణి. తప్పని తెలుసు. చెయ్యి మాత్రం ఆగలేదు."

ఆ పుస్తకాలను నది తీసుకుపోయి కాటుకకొండ గుహలో పెట్టిందని ముని చెప్పాడు. శేషభట్టు ఆ ఏడే చచ్చి బ్రహ్మరాక్షసుడై వాటి ముందే కూచున్నాడు. వాటిలో ఏముందో తెలిస్తే గాని వాడికి విముక్తి లేదు. ముగ్గురు రాజకుమారులు ఆ గుహకు పోయారు. ఎవరూ తిరిగి రాలేదు.

"మీరు ఎందుకు పోలేదు స్వామీ?"

"భయం" అన్నాడు ముని.

మరో రెండు రోజులకు మంగాయి నది ఒడ్డు చేరింది. అవతల కాటుకకొండ. నీళ్ళలోంచి ఒక మొసలి తల పైకెత్తింది.

"దాటాలా? దాటిస్తా. కూలి పది రోజులు."

"పది రోజులు ఏం పని చెయ్యాలి?"

"పనెవరిక్కావాలే పిచ్చిదానా! నీ రోజులే కావాలి. నేను తినేది అవే. ఈ ఒడ్డున ఎక్కుతావు. ఆ ఒడ్డున దిగేసరికి పది రోజులు పెద్దదానివైపోతావు."

"అయిదుకు రావా?"

"చేపల బేరమనుకున్నావా? ఎక్కితే ఎక్కు, లేకపోతే ఇంటికి పో."

మంగాయి ఇసుకలో కూచుంది. ఇంకా పన్నెండు రోజులు ఉంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఆరు రోజులు నడక. మిగిలిన ఆరు రోజులు సుకిరి ఎదురుగా కూచుని ఆ ముఖం చూడవచ్చు. నది దాటితే ఆ ఆరు రోజులు ఉండవు. పుస్తకాలు దొరక్కపోతే ఆ ముఖం మళ్ళీ ఎప్పటికీ కనబడదు. ఎండ ఆమె కాళ్ళ మీదినుంచి భుజాల మీదికి వచ్చేదాకా అక్కడే కూచుంది. తరవాత లేచి మొసలి వీపు ఎక్కింది.

అవతల దిగేసరికి ఆమె గోళ్ళు పెరిగి ఉన్నాయి. మూటలో పేలాలు ముక్కిపోయాయి. ఇంకా రెండు రోజులే ఉంది. కొండ ఎక్కడానికి ఒక రోజు పట్టింది.

గుహలో ఒక దీపం వెలుగుతోంది. దాని పక్కన తాటాకు కట్టలు గుట్టగా ఉన్నాయి. మరో పక్క మూడు అస్థిపంజరాలు, ఒకదాని వేలికి ఉంగరం. బ్రహ్మరాక్షసుడి తల కప్పుకు తగులుతోంది.

"ఎవరే నువ్వు? రాజకుమారివా?"

"కాదు తాతా. తాటాకులు కోసేవాళ్ళ పిల్లను."

"ఎవరివైతే నాకేమి! ఈ ఆకుల మీద ఏమున్నదో చదువు. చదవలేకపోతే తింటాను. ఆ మొదటివాడు ఏమీ లేదన్నాడు. రెండోవాడు కత్తి దూశాడు. మూడోవాడు సొంత కవిత్వం అల్లి వినిపించాడు. అన్నింటికంటే అదే కష్టమనిపించింది."

మంగాయి ఒక కట్ట విప్పింది. ఆకు మీద ఒక్క అక్షరం లేదు. రెండో ఆకూ అంతే, మూడోదీ అంతే. ఆమెకు ఏడుపు వచ్చింది.

"ఎనభై ఏళ్ళుగా చూస్తున్నాను" అన్నాడు రాక్షసుడు. "ఖాళీ. నేను ఆనాడే అన్నాను, ఆ జనానికి రాయదగినది ఏమీ లేదని. నా మాటే నిజమైనప్పుడు నాకు ఈ శిక్ష ఎందుకు?"

మంగాయి కళ్ళు తుడుచుకుంది. ఆకు మంచిదో కాదో చూడడానికి బొటనవేలితో నిమరడం ఆమెకు అలవాటు. అలవాటుగానే నిమిరింది. వేలికి గీతలు తగిలాయి.

"ఖాళీ కాదు తాతా. మసి కొట్టుకుపోయింది, అంతే."

"మసి ఏమిటి?"

"ఘంటంతో గీస్తే ఆకు మీద గాడి పడుతుంది గాని, కనబడదు కదా. దాని మీద మసి, నూనె కలిపి రుద్ది తుడవాలి. గాడిలో మసి నిలిచి అక్షరం అవుతుంది. నదిలో నానినప్పుడు అది పోయింది. నీకు తెలియదా?"

"అరవై ఏళ్ళు గ్రంథాలు చదివాను. నా చేతికి వచ్చేసరికి అక్షరాలు నల్లగానే ఉండేవి."

"మా తాతలు రుద్దేవాళ్ళు. మీరు తాకేవారు కాదట, చేతులు నల్లబడతాయని."

రాక్షసుడు తన చేతులు చూసుకున్నాడు. మంగాయి గుహ కప్పు చూసింది. ఎనభై ఏళ్ళు వెలిగిన దీపం మసి అక్కడ అంగుళం మందాన పట్టి ఉంది. "నన్ను పైకి ఎత్తు తాతా" అంది. రాక్షసుడు ఎత్తాడు. ఆమె కత్తితో మసి గీకి, దీపంలో నూనె కలిపి ఆకు మీద రుద్ది, గుడ్డతో తుడిచింది. వరసలు వరసలుగా అక్షరాలు తేలాయి.

మొదటి ఆకులో పోలడు అనే మనిషి ఉన్నాడు. వాడికి ఉరుమంటే భయం. ఉరిమితే మంచం కిందికి దూరేవాడు. పెళ్ళాం కూడా దూరి, నాకూ భయమే అని చెప్పి, వాడి చెయ్యి పట్టుకునేది. ఆమెకు భయం లేదని గూడెమంతా తెలుసు. ఎవరూ ఎప్పుడూ వాడితో అనలేదు.

"తరవాత?" అన్నాడు రాక్షసుడు.

తరవాతి పుస్తకంలో వరద వచ్చినప్పుడు ఇద్దరు బిడ్డలతో ఈదిన బొంతి ఉంది. ఒక బిడ్డే ఒడ్డుకు చేరింది. బొంతి బతికినన్నాళ్ళూ రెండు కంచాలు కడిగింది. ఇంకో పుస్తకంలో పనసచెట్టు కోసం పోట్లాడుకుని, ముప్ఫై ఏళ్ళు మాట్లాడుకోని అన్నదమ్ములు ఉన్నారు.

"మా అన్నయ్యా నేనూ అంతే" అన్నాడు రాక్షసుడు. "మాది బావి తగువు." కొంచెంసేపటికి మళ్ళీ అన్నాడు. "ఇంతేనా వీటిలో ఉన్నది? మా ఇంటి సంగతులే కదా ఇవి!"

నలభై రెండు పుస్తకాలకు మసి పెట్టి చదవడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో ఎప్పుడో మంగాయికి పన్నెండేళ్ళు నిండాయి. చివరి ఆకు అయ్యేసరికి రాక్షసుడు మామూలు ముసలివాడంత అయ్యాడు.

"ఒక్కటి కూడా చదవకుండా విడిచెయ్యమన్నాను" అన్నాడు. తరవాత ఆ చోట ఎవరూ లేరు.

మంగాయి గుహ బయటికి వచ్చింది. మేకలు తోలుకుంటూ కొండవాళ్ళు కొందరు ఎదురయ్యారు. ఆమె భయపడుతూ తల ఎత్తి చూసింది. అందరికీ ముఖాలు ఉన్నాయి. ఒకడికి ముక్కు మీద మచ్చ కూడా కనిపించింది. ఆమె అక్కడే కూలబడి నవ్వింది, ఏడ్చింది. పని అయిపోయిందనుకుంది.

మచ్చ ఉన్నవాడి పేరు గంగులు. కట్టలు మోయడానికి వస్తానన్నాడు. లోపలికి వస్తే బయటికి పోనివ్వరని తెలిసే వచ్చాడు. వాడి అక్క కోటలో ఉంది.

"నది ఎట్టా దాటినవు?" అని అడిగాడు.

"మొసలి దాటించింది. పది రోజులు తీసుకుంది."

"పది రోజులిచ్చినవా! కింద రేవులో మా తెప్ప ఉండె గదా. ఊరకే దింపేటోళ్ళం."

"మా నగరంలో ఎవరికీ తెలియదు."

"ఎవరన్నా అడిగితే గదా తెలిసేది" అన్నాడు గంగులు.

దారిలో మంగాయి అడిగింది. "మీకు మా ముఖాలు రాలవా?"

"ఎట్టా రాల్తయ్? మీ రాజుల కథలు, మీ దేవుళ్ళ కథలు, మీ పెళ్ళిళ్ళ కథలు చిన్నప్పటి నుంచీ వింటనే ఉన్నం. వినకుండా మాకు గడవదు."

కోట తలుపు దగ్గర ద్వారపాలకుడు బసవడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి పోయావే పేరయ్య కూతురా? మీ నాన్న నూతులన్నీ వెతికించాడు. వెనకాల ఎవడా మొహంలేనోడు?"

"గంగులు."

"వాడికి పేరొకటా! మూటలో ఏముంది?"

"పుస్తకాలు. ఒకటి చదువుతాను, విని పోనివ్వు."

ఆమె పోలడి కథ చదివింది. బసవడు మొదట ఆవులించాడు. మంచం కిందికి దూరిన చోట ఆవులింత ఆగింది. అయిపోయాక అటూ ఇటూ చూసి, "ఉరుమంటే నాకూ..." అని సగంలో ఆపేశాడు. తరవాత గంగులు వైపు తిరిగి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒరేయ్! నీకు ముక్కు మీద మచ్చ ఉందేం?"

"పుట్టినప్పటి నుంచీ ఉన్నదయ్యా. పోలడు మా తాతకు తాత."

"మరి మొన్న వచ్చినప్పుడు లేదే!"

"మొన్నొచ్చింది నేను కాదయ్యా."

బసవడి ఈటె కిందికి దిగింది. మంగాయి వాళ్ళను అక్కడే వదిలి ఇంటికి పరుగెత్తింది.

సుకిరి పెరట్లో బట్టలు ఆరవేస్తోంది. అడుగుల చప్పుడు విని తిరిగింది. మంగాయి ఆగిపోయింది. ఆ చీర సుకిరిది, ఆ చేతులు సుకిరివి. ముఖం లేదు.

"వచ్చినవా బుజ్జీ!" అంది సుకిరి. తరవాత కొంచెం ఆగి, "కనపడటం లేదు గదూ?" అంది.

మంగాయి ఆమెను లోపలికి లాక్కుపోయి, పుస్తకాలు తెప్పించి, ఒకదాని తరవాత ఒకటి చదివింది. మధ్యలో తల ఎత్తి చూసేది. మళ్ళీ చదివేది. గొంతు పోయింది. వీధిలో వినడానికి వచ్చి నిలబడ్డవాళ్ళకు ఎవరెవరి ముఖాలో కనబడ్డాయి. సుకిరి ముఖం మాత్రం కనబడలేదు.

"ఇంక ఊరుకో" అంది సుకిరి. "మా గూడెం వాటిల్లో లేదు. మాకు రాసేటోళ్ళు రాలేదు."

మంగాయి లేచి తండ్రి పెట్టెలోంచి కొత్త ఆకూ, ఘంటమూ తీసుకుని వచ్చి ఎదురుగా కూచుంది.

"నువ్వు చెప్పు. నేను రాస్తాను."

"నాదేముంది చెప్పటానికి? నీకు తెల్వంది ఏముంది?"

"మీ గూడెం పేరు నాకు తెలియదు" అంది మంగాయి. ఆ మాట అంటున్నప్పుడే ఆమెకు సిగ్గువేసింది. పన్నెండేళ్ళు ఆ ఒళ్ళో పెరిగింది. ఒక్కసారి కూడా అడగలేదు.

సుకిరి గోడకు ఆనుకుని చెప్పడం మొదలుపెట్టింది. "కొర్రగుంట. ఇరవై గుడిసెలు. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు కూతురు పుట్టింది. ముత్తి. దానికి మూడు నెలలప్పుడు మీ నాయన మనుషులొచ్చిన్రు. తల్లిలేని బిడ్డ చచ్చిపోతున్నది, రెండు నెలలు పాలిచ్చిపో, నిన్ను పోనిచ్చే పూచీ మాది అన్నరు. బిడ్డను మా అమ్మకిచ్చి వచ్చిన. రెండు నెలలకు తలుపు కాడికి పోయిన. నువ్వెవరో ఎట్టా తెలుస్తది అన్నరు. నిలబడి నిలబడి వెనక్కి వచ్చిన. అప్పుడు నువ్వు ఏడుస్తున్నవు, ఆకలికి."

ఘంటం ఆకు మీద కదులుతోంది.

"మొదటి ఏడు నువ్వంటే నాకు కోపం. రాసుకో, అదీ రాసుకో. నా బిడ్డ పాలు తాగుతున్నవని కోపం. నిన్ను కింద పెట్టి ఇవతలికొచ్చి ఏడ్చేదాన్ని. తర్వాత ఎప్పుడో ఒకనాడు నడిచి వచ్చి నా కాలు పట్టుకున్నవు. కోపం పోయింది. ముత్తి మాత్రం పోలేదు. నీకు జడేసినప్పుడల్లా దానికి ఎవరేస్తున్నరో అనుకుంటా."

మంగాయి ఆకుకు మసి రుద్ది తుడిచింది. తల ఎత్తింది. మొదట కనుబొమలు వచ్చాయి. తరవాత కళ్ళు, ముక్కు, పెదవులు వచ్చాయి. తను గుర్తు పెట్టుకున్న ముఖమే అది. అయితే ఇంత అలిసిన ముఖమని ఇంతకుముందు తెలియలేదు.

గుమ్మంలో పేరయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. "సుకిరీ" అన్నాడు. పన్నెండేళ్ళలో ఆ పేరు పిలవడం అదే మొదలు. అక్కడే నేలమీద కూచున్నాడు.

సంగతి రాజు జయకేతుడిదాకా పోయింది. సభలో పుస్తకాలు చదివించుకుని విన్నాడు. నాలుగో రోజున, ముప్ఫై ఏళ్ళుగా తనకు వింజామర వీస్తున్న మనిషి ముఖం చూశాడు. ఆమె ముసలిదైపోయిందని అతనికి ఆ రోజే తెలిసింది. ఆ సాయంత్రమే కోట తలుపు నియమం ఎత్తివేయించాడు. బెల్లం పంచే వేడుక మాన్పించాడు. దాని బదులు, పన్నెండేళ్ళు నిండిన ప్రతి పిల్లా పిల్లవాడూ తమది కాని గూడెం మనిషి ఎదుట కూచుని, ఆ మనిషి చెప్పింది విని, సొంత చేత్తో ఒక పుస్తకం రాయాలని ఆజ్ఞ ఇచ్చాడు. మసి కూడా వాళ్ళే రుద్దాలి.

తలుపు తెరిచిన పొద్దున సుకిరి మూట కట్టుకుంది. మంగాయి కూడా వెంట నడిచింది. గంగులు తన అక్కతో ముందు నడిచాడు. నది తెప్ప మీద దాటారు.

కొర్రగుంటలో సుకిరి తల్లి రెండేళ్ళ కిందటే పోయింది. ముత్తి మేనమామ ఇంట్లో ఉంది. తల్లిని చూసి గుడిసెలోకి పోయి తలుపు వేసుకుంది. మూడు రోజులు బయటికి వచ్చి మాట్లాడలేదు. సుకిరి ఆ తలుపు ముందే కూచుంది. నాలుగో రోజు ముత్తి బయటికి వచ్చి, మంగాయిని వేలితో చూపించి, "అది ఎవరు?" అంది.

"నా పాలు తాగిన పిల్ల" అంది సుకిరి.

"నా పాలా?"

"నీవే."

ముత్తి చాలాసేపు మంగాయిని చూసింది. మంగాయి తల వంచుకోలేదు. "నన్ను తిట్టాలనుంటే తిట్టు" అంది. "వింటాను."

ముత్తి తిట్టింది. పొద్దెక్కేదాకా తిట్టింది. పన్నెండేళ్ళ సంగతులు అందులో ఉన్నాయి. జ్వరాలు, అమ్మమ్మ చావు, అత్త పెట్టిన మాడిన అన్నం, అన్నీ చెప్పింది. మంగాయి కదలకుండా విన్నది. చెప్పడం అయిపోయాక ముత్తికి దాహం వేసింది. మంగాయి లేచి కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది. ముత్తి తాగి, సగం మిగిల్చి ఆమెకు ఇచ్చింది. తరవాత పోయి తల్లి పక్కన కూచుంది.

పెద్దయ్యాక మంగాయి ధవళపురి గ్రంథశాలకు అధికారి అయింది. ఏటా పంటలు ఇంటికి చేరాక ముత్తి ఒకసారి నగరానికి వచ్చేది, మంగాయి ఒకసారి కొర్రగుంటకు పోయేది. నగరంలో ఇప్పటికీ ముఖాలు కనబడనివాళ్ళు కొందరు ఉన్నారని చెబుతారు. వాళ్ళు పుస్తకం వినడానికి రానివాళ్ళు. వాళ్ళకోసం గ్రంథశాల తలుపు వెయ్యడం లేదు. నేను విన్నది ఇంతవరకే. ఇది ఇప్పుడు మీ దగ్గర ఉంది, ఎవరికి వినిపిస్తారో మీ ఇష్టం.